కళాసీ కాలికి మంచినీళ్ల షవర్

నాకు అనుమానం ఎక్కువ. పాల ప్యాకెట్ తెచ్చినా ఒకసారి నొక్కి చూసిగానీ ఫ్రిజ్‌లో పెట్టను. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. బోటు డ్రైవర్‌గా అన్నేళ్లు నీళ్ల మీద తిరిగి, ప్రతిసారీ క్షేమంగా ఇంటికి వచ్చానంటే ఆ జబ్బు వల్లేనని నేనంటాను. ఈ మధ్య బోట్ల మీద కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ చేసి, "మీ అనుభవం ఏదైనా చెప్పండి సార్" అని అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. చిన్న పడవ మీద మంచినీళ్ల షవర్ సొంతంగా ఎలా బిగించుకోవాలో ఇందులో ఉంది. బిగించాక ఆ నీళ్లు ఎటు పోతున్నాయో కనిపెట్టడానికి నేను పడ్డ తిప్పలు కూడా ఉన్నాయి. చోటు వాటికే ఎక్కువ పట్టింది.

రేపల్లె దాటి సముద్రం వైపు పోతే మా శాఖకు ఒక రేవు ఉండేది. రేవంటే పెద్దగా ఊహించుకోకండి. సిమెంటు గట్టు, రేకుల షెడ్డు, దానికో వాచ్‌మన్, అంతే. బాపట్ల నుంచి అధికారులు వస్తే వాళ్లను ఫైబర్ పడవలో ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా, ఒక్కోసారి మొగ దాటి సముద్రంలోకి తిప్పి తీసుకురావడం మా పని. మేమంటే నేనూ, కళాసీ. తాడు కట్టడం, లంగరు వెయ్యడం, నీళ్లలోకి దిగి పడవను నెట్టడం, చివర్న పడవ కడగడం కళాసీ పని. నేను పర్మనెంటు, అతను కాంట్రాక్టు. మాది కొల్లిపర వైపు. ఇంటి ముందు కాలవ పారుతుంటే చెంబు ముంచుకుని కాళ్లు కడుక్కున్న మనిషిని నేను. అతనిది వాడరేవు, తాతల నాటి నుంచి చేపల వేట మీద బతికిన ఇల్లు. నన్ను 'అన్నా' అనేవాడు. అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం 'అండి' ఎక్కువ చేర్చేవాడు. ఆ సంగతి నేను ఆలస్యంగా కనిపెట్టాను.

పడవ వెనక తగిలించే ఇంజిన్ పాతది. అది సముద్రం నీళ్లనే లోపలికి పీల్చి చల్లబడుతుంది. ఆ ఉప్పు లోపల పేరుకుంటే ఏదో ఒక రోజు పట్టేస్తుంది. అప్పటికే రెండుసార్లు అలా పట్టేసి బాపట్ల మెకానిక్ దగ్గరికి వెళ్లొచ్చింది. మూడోసారి జరిగితే బోటును వేలం పాటలో పెట్టేస్తామని పై అధికారి నాతో అన్నారు. ఆ మాట నేను తెచ్చి కళాసీకి చెప్పాను. బోటు పోతే నన్ను ఇంకో చోటికి వేస్తారు, కాంట్రాక్టు కళాసీని ఎక్కడికీ వెయ్యరు. అది నేను చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

ఇలా ఉండగా అతని కాలికి పుండు లేచింది. ఎడమ కాలి వేళ్ల సందులో చిన్న చీలికగా మొదలై మానలేదు. బాపట్ల డాక్టరు చూసి షుగర్ ఉందన్నాడు. ఉప్పునీళ్లలో దిగిన ప్రతిసారీ వెంటనే మంచినీళ్లతో కడిగి, పొడిగా తుడిచి, మందు రాయాలన్నాడు. అలా చెయ్యకపోతే ముందు వేలు పోతుంది, తర్వాత పాదం పోతుందని మొహం మీదే చెప్పాడు. పాదం లేని కళాసీని ఎవరు పెట్టుకుంటారు?

కానీ రేవులో మంచినీళ్లేవి? బోరు నీళ్లు నోట్లో పెట్టుకుంటే ఉప్పు. తాగే నీళ్లు క్యానుల్లో రావాలి. ఇతను ఇంటికి పోయేసరికి కాలి మీద ఉప్పు ఎండి తెల్లగా చారలు కట్టేది. అప్పుడు నేను పడవ మీదే షవర్ పెట్టాలనుకున్నాను. ఆఫీసు అనుమతి అడగలేదు. అడిగితే కాదంటారని కాదు, వాళ్లు వేసే ప్రశ్నలకు జవాబులు చెప్పే ఓపిక నాకు లేదు.

సామాను కోసం తెనాలి వెళ్లాను. బజారులో పంపులూ మోటార్లూ అమ్మే సాయిబు గారి కొట్టు ఉంది. పొలాల్లో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్‌లో చిన్న పంపు ఉంటుంది చూడండి, అది అడిగాను. బ్యాటరీతో నడుస్తుంది, పైపు కొసనున్న మీట నొక్కితే తిరుగుతుంది, వదిలితే తనే ఆగిపోతుంది. చిన్న పడవకు అంతకంటే మంచిది అక్కర్లేదు. ఆయన డబ్బాలోంచి తీసి ఇచ్చాడు. నేను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను.

"ఏంటి భాయ్, పూల కొట్టనుకున్నారా?" అన్నాడు.

"పురుగుమందు కొట్టిన పాతది కడిగి అమ్ముతున్నారేమోనని."

"మీ ముందే కదా డబ్బా కోసింది."

"డబ్బా మళ్లీ అతికించడం ఎంతసేపండీ?"

ఆయన నా వంక చూసి, పైన తిరిగే ఫ్యాను వంక చూసి, పైపు కొలిచాడు. షవర్ కోసం బాత్‌రూములో కమోడ్ పక్కన తగిలించే చేతి షవర్ తీసుకున్నాను, అదీ ప్లాస్టిక్‌ది. మెరిసే స్టీలు రకం చూసి మోసపోకండి, సముద్రం గాలికి పై పూత పొరలు పొరలుగా లేచిపోతుంది.

బిగించడం పెద్ద పని కాదు. ముందు సీటు కింద క్యాను పెట్టి బెల్టుతో కట్టాను, అల మీద ఎగిరినా కదలకుండా. పంపును బ్యాటరీ పక్కన కాస్త ఎత్తులో స్క్రూలు వేశాను. మధ్యలో ఫ్యూజు పెట్టాను. స్విచ్చికి నీళ్లు తగలకుండా రబ్బరు టోపీ వేశాను. పడవలో ఏ మూల కూర్చున్నా అందేలా షవర్ పైపు పొడుగ్గా వదిలాను. అదే పొరపాటని నాకప్పుడు తెలియదు.

కళాసీ గట్టు మీద కూర్చుని అంతా చూశాడు. "అన్నా, ఇది దొడ్లో పైపు కదా" అన్నాడు.

"కాలు కడగడానికే లేవయ్యా, నెత్తిన పోసుకోడానికి కాదు."

మొదటిసారి మీట నొక్కితే నీళ్లు జోరుగా వచ్చి, అంతలోనే సన్నబడి ఆగిపోయాయి. చూస్తే క్యాను పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంది. గాలి పోవడానికి దారి పెట్టడం మర్చిపోయాను. "నీ షవర్‌కి ఆయాసం వచ్చిందన్నా" అని కళాసీ పడీపడీ నవ్వాడు. మూతకు చిన్న బెజ్జం వేశాక సరిగ్గా వచ్చింది. మీరు ఆ బెజ్జం మర్చిపోకండి.

రోజూ పొద్దున్నే రేపల్లెలో క్యాను నింపి బండి మీద కట్టుకుని తెచ్చేవాణ్ణి. తిరిగొచ్చాక నేను తాళాలు ఇవ్వడానికి షెడ్డుకు పోతే, కళాసీ పడవ దగ్గరే ఉండి పడవ కడిగి, కాలు కడుక్కునేవాడు. నేను వచ్చేసరికి క్యాను ఖాళీ.

"కడిగావా?"

"కడిగానండి, సుబ్బరంగా."

వారాలు గడిచాయి. క్యాను ఖాళీ అవుతూనే ఉంది, కాలు మానడం లేదు. నా బుర్రలో పురుగు తొలవడం మొదలైంది. నీళ్లు కాలి మీద పడుతుంటే పుండెందుకు మానదు? పడకపోతే నీళ్లేమవుతున్నాయి?

ముందు పైపు మీద అనుమానం వచ్చింది. ఎక్కడో కారి పడవ అడుగుకి చేరుతోందేమో. ఇది తెలుసుకోవడానికి మా వృత్తిలో ఒకే దారి ఉంది. అడుగున నిలిచిన నీళ్లు వేలితో తీసి నాలుక మీద వేసుకోవాలి. చప్పగా ఉంటే మన క్యాను, ఉప్పగా ఉంటే సముద్రం. వేసుకున్నాను. ఉప్పు, పైగా పెట్రోలు. పైపు మీద అనుమానం అక్కడితో పోయింది.

తర్వాత వాచ్‌మన్ మీద పడింది. మేము భోజనానికి పోయినప్పుడు అతను పడవ చుట్టూ తచ్చాడటం నేను చూశాను. క్యాను మూతకు నల్ల దారం కట్టాను. రెండో రోజే దారం తెగి ఉంది. పట్టుకుని నిలదీశాను.

"సీసాడు పట్టుకున్నాను డ్రైవర్ గారూ, మొహం కడుక్కోడానికి. సీసాడంటే సీసాడే" అన్నాడు వాచ్‌మన్.

"సీసాడుకి క్యాను ఖాళీ అవుద్దా?"

కళాసీ పక్కనే నిలబడి తల ఊపాడు. "ఈయన మొహం చూస్తేనే తెలుస్తుందండి" అన్నాడు. వాచ్‌మన్ నాతో చాలాకాలం మాట్లాడలేదు. ఆయనకు ఇది చదివే అవకాశం ఉంటే, నువ్వు పట్టింది సీసాడేనని ఇప్పుడు నేను నమ్ముతున్నానయ్యా.

వాచ్‌మన్‌ను అదుపు చేశాక కూడా క్యాను ఖాళీ అవుతూనే ఉంది. ఇక మిగిలింది కళాసీయే. ఒక మధ్యాహ్నం తాళాలు ఇచ్చే పని ఎగ్గొట్టి, గట్టు అవతల టీ బడ్డీలో కూర్చుని కాపలా కాశాను. అతను పడవ వెనక భాగంలో ఇంజిన్ పక్కన కూర్చుని షవర్ పట్టుకుని ఉన్నాడు. వంగి ఏదో కడుగుతున్నాడు, నీళ్ల చప్పుడు నాకు వినపడుతోంది. ఇంజిన్ అడ్డం వచ్చి కాళ్లు కనపడలేదు, అయినా ఆ కూర్చోవడం కాలు కడుక్కునే మనిషి కూర్చోవడమే. నాకు సిగ్గేసింది. పాపం, శ్రద్ధగా కడుక్కుంటున్నవాణ్ణి అనుమానించానే అనుకున్నాను. పడవ ఎక్కాక వెనక సీటు కింద సైకిల్ ట్యూబు ముక్క కనిపించింది.

"ఏంటిది?"

"తాడు జారకుండా కట్టానండి."

ఏ తాడు అని అడగాల్సింది. సిగ్గు మీద ఉన్నాను, అడగలేదు.

నీళ్లు కాలి మీదే పడుతున్నాయి, కాలు మానడం లేదు. అంటే నీళ్లలోనే ఏదో ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. పంపు! అది పురుగుమందు తాగిన పంపే అయితే, మందు నీళ్లు రోజూ ఆ పుండు మీద నేనే పోయిస్తున్నట్టు కదా. పంపు ఊడదీసుకుని తెనాలి పరిగెత్తాను.

సాయిబు గారు నా మాట చివరిదాకా విన్నాడు. కోప్పడలేదు. పంపుకు వైర్లు తగిలించి, తను తాగే నీళ్ల బాటిల్లో పైపు పెట్టి, అవతలి కొస నుంచి వచ్చిన నీళ్లు దోసిట్లో పట్టుకుని నా ఎదురుగానే పుక్కిలించి, కొన్ని మింగాడు కూడా.

"నాకు ముగ్గురు ఆడపిల్లలు భాయ్. విషమైతే మింగుతానా?" అన్నాడు. "పంపు మంచిదే. మీ మనిషిని ఇంకోసారి చూసుకోండి."

బస్సులో తిరిగొస్తుంటే ఆ చివరి మాట నాతోపాటే కూర్చుంది. ఏం చూసుకోవాలి? కళ్లతో చూశాను కదా.

ఆ తర్వాత పెద్దగా రోజులు గడవలేదు. బాపట్ల నుంచి అధికారిణి ఒకావిడ వచ్చారు. మొగ దాకా వెళ్లి వస్తుంటే గాలి తిరిగి, అలలు పడవను గట్టు వైపు తోస్తున్నాయి. కళాసీ తాడు పట్టుకుని ముందు అంచు మీద నిలబడ్డాడు. ఎప్పటిలాగే గట్టు మీదికి దూకాడు. ఎడమ కాలు మోపగానే మడతపడింది. కాలు నిలవక గట్టుకీ పడవకీ మధ్య నీళ్లలో పడ్డాడు. పడవ అతని మీదికే పోతోంది.

రివర్స్ వేశాను. మా ఇంజిన్ సంగతి నాకు తెలుసు, రివర్స్ అంటే నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయే రకం. ఆ రోజు మాత్రం ఒక్క ఊపున పలికింది. పడవ అతని ఛాతీకి జానెడు దూరంలో ఆగి వెనక్కి వచ్చింది. అధికారిణి కళ్లు మూసుకుని ఉన్నారు. నేను లోపల కాస్త గర్వపడ్డాను. అప్పటికి కొన్నాళ్లుగా నేను కొత్త రకం ఆయిల్ పోస్తున్నాను, అందువల్లే ఇంజిన్ ఇంత బాగుందని అందరితో చెబుతుండేవాణ్ణి కూడా.

కళాసీని తెనాలి ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టరు కట్టు విప్పి చూసి చిటికెన వేలు తీసెయ్యాలన్నాడు. ఆలస్యమైతే పాదమే పోతుందన్నాడు.

"రోజూ మంచినీళ్లతో కడుగుతున్నాడండీ, నేను పంపు కూడా పెట్టాను" అన్నాను.

డాక్టరు వేళ్ల సందులు విడదీసి నాకు చూపించాడు. లోపల తెల్లగా, ఎన్నో రోజులుగా పేరుకున్న ఉప్పు. "ఇది కడిగిన కాలు కాదు పెద్దాయనా" అన్నాడు.

కళాసీ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వేలు తీసేశారు. అతను మంచం మీద ఉండగా ఇంకో కళాసీని తాత్కాలికంగా ఇచ్చారు. అతని కాళ్లకు జబ్బేమీ లేదు, షవర్ ముట్టుకోలేదు. క్యాను నింపింది నింపినట్టే ఉండేది. అంటే వాచ్‌మన్ కాదు, పైపు కాదు. కొద్దిరోజుల్లో ఇంజిన్ వేడెక్కడం మొదలైంది. పీల్చిన నీటిని ఇంజిన్ పక్కనుంచి సన్న ధారగా బయటికి వదులుతుంది. ఆ ధార చూసి దాని ఆరోగ్యం చెప్పొచ్చు. అది దారప్పోగంత అయిపోయింది. నా ఆయిల్ అదే, డ్రైవరునూ నేనే. ఏం మారింది?

మూత విప్పి చూశాను. నీళ్ల దారిలో కొత్తగా కట్టిన ఉప్పు, దాని కింద లోహం మాత్రం నున్నగా, శుభ్రంగా ఉంది. రెండుసార్లు పట్టేసిన ఇంజిన్ అలా ఉండకూడదు. ఎవరో దాన్ని వారాల తరబడి మంచినీళ్లతో లోపల కడిగారు. ఇంజిన్ కడగడానికి పైపు తగిలించే చిన్న మూతి పక్కన ఉంటుంది. సైకిల్ ట్యూబు ముక్క తీసి పెట్టి చూశాను. ఒక కొస ఆ మూతికి, ఇంకో కొస నా దొడ్లో పైపుకి అతికినట్టు సరిపోయింది.

ట్యూబు ముక్క పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

మర్నాడు ఆస్పత్రికి పోయి ట్యూబు ముక్కను అతని మంచం మీద పడేశాను. పక్కన అతని భార్య ఉంది. అతను ఆ ముక్కను చూసి నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు.

"కాలు కడుక్కోమని పెడితే ఇంజిన్ కడుగుతావా?"

"క్యానుడు నీళ్లు ఇద్దరికీ చాలవన్నా."

"ఎవరిద్దరు?"

"దానికీ నాకూ." ట్యూబు ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. "మా ఇళ్లల్లో వేట నుంచి వచ్చాక మంచినీళ్లుంటే ముందు పడవ మీద చల్లుతారు, ఆనక వల తడుపుతారు. మిగిల్తే మనిషి. పడవ ఉప్పుతో ఉండగా నేనెట్టా పోసుకుంటానన్నా? ఇంజిన్ మళ్లీ పట్టేస్తే పాటలో పెడతారని నువ్వేగా చెప్పావు."

"వేలు పోయింది కదయ్యా!"

"వేలు పోతే తొమ్మిదున్నాయి. బోటు పోతే ఇంకోటుందా?"

అతని భార్య గిన్నె ఠక్కున కింద పెట్టింది. "నేను రోజూ మొత్తుకున్నానండి. ఆ పడవనే కట్టుకోమనండి, నేను మా పుట్టింటికి పోతాను" అంది. ఆవిడ మాటలో వేళాకోళం లేదు.

గట్టుకీ పడవకీ మధ్య పడ్డ రోజు రివర్స్ ఎందుకు పలికిందో అప్పుడు అర్థమైంది. నా ఆయిల్ కాదు. ఆ ఇంజిన్ అతని కాలి నీళ్లు తాగి బతికింది, అతన్ని బతికించింది. ఆ సంగతి అతనికి చెప్పలేదు. చెబితే కడిగింది మంచిదే అయిందిగా అంటాడు, రెండో కాలు కూడా దానికే ఇచ్చేస్తాడు.

నమ్మకం మీద వదిలేస్తే ఇతను మారడని తేలిపోయింది. అందుకే మళ్లీ స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. ఇంజిన్ కోసం వెనక రెండో క్యాను పెట్టి, దానికి వేరే పైపు బిగించాను. పొద్దున్నే రేపల్లె నుంచి బండి మీద ఒకటికి రెండు క్యానులు మోశాను. పాత షవర్ పైపును మాత్రం కోసేశాను. ముందు సీటు మీద కూర్చున్న మనిషి పాదం దాకా అందుతుంది, అంతకు మించి బెత్తెడు కూడా పోదు. ఎంత లాగినా ఇంజిన్ దరిదాపులకు రాదు.

కళాసీ తిరిగొచ్చి పైపు చూశాడు, లాగి చూశాడు. "ఇంత పొట్టిదేంటన్నా, మేకను కట్టేసినట్టు" అన్నాడు.

"మేకనే కట్టేశాను. కూర్చో."

నేను పదవీ విరమణ చేసే దాకా, తాళాలు ఇచ్చేది తర్వాత, అతను నా ఎదురుగా కూర్చుని కాలు కడిగి తుడుచుకునేది ముందు. మొదట్లో మొహం ముడుచుకుని కడిగేవాడు. ఎవరో బిందెడు పాలు ఒలకబోయిస్తున్నట్టు ఉండేది ఆ మొహం. పుండు మానింది.

నా స్థానంలో ఒక కుర్ర డ్రైవరు వచ్చాడు. మంచివాడే, అందరినీ నమ్మేస్తాడు. పోయిన వారం ఫోన్ చేశాడు.

"సార్, ఆ షవర్ పైపు మరీ పొట్టిగా ఉందండి. పొడుగుది వేయించనా?"

"ఎవరడగమన్నారు?"

వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గు నాకు తెలుసు.

"వీడియో పెట్టు. వాడి ఎడమ కాలు చూపించు" అన్నాను.

ఫోన్లో గట్టు కనిపించింది, తర్వాత కాలు. ఆ పాదానికి నాలుగు వేళ్లు, తడిగా ఉన్నాయి. తడి చూసి నమ్మే వయసు నాది కాదు.

"ఆ తడి ఏ నీళ్లది?"

"మంచినీళ్లేనన్నా, చప్పగానే ఉన్నాయి" కళాసీ అరిచాడు.

"నిన్ను కాదు అడిగింది. డ్రైవరు బాబూ, వేలితో తీసి నాలుక మీద వేసుకుని చెప్పు."

ఆ అబ్బాయి ఇబ్బంది పడ్డాడు. ఫోన్ గట్టు మీద పెట్టాడు కాబోలు, చాలాసేపు ఆకాశమే కనిపించింది.

"చప్పగా ఉన్నాయి సార్."

"అయితే పైపు జోలికి పోకు" అని ఫోన్ పెట్టేశాను.